రెండు బొమ్మల మధ్య గ్రనాడా

స్పెయిన్‌లో గ్రనాడా ఊళ్ళో ఉన్న అల్హంబ్రా కోటలోని సింహాల ఫౌంటెన్‌ని నేను మొదటిసారి చూసింది మా ఇంటి ఓనరు మామ్మగారి ముందుగదిలో, ఆవిడ తాతగారి నాటి చెక్క స్టీరియోస్కోప్‌లోంచి, అంటే జంట ఫోటోల కార్డుని లోతుగా చూపించే చేతి పరికరంలోంచి. అసలు ఫౌంటెన్ మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. కానీ మేం స్పెయిన్ వెళ్ళిన 2011 చివర్లో ఆ ప్రాంగణంలో మరమ్మతులు జరుగుతున్నాయి. నేల తవ్వేశారు. అడ్డంగా తెరలు కట్టారు. టికెట్ కొనుక్కుని, అంత ఏటవాలు దారి ఎక్కి వెళ్ళి, ఆ సందుల్లోంచి తొంగిచూసి దిగులుగా దిగొచ్చాను. మెట్ల దగ్గర ఎదురైన మామ్మగారికి ఆ మాట చెప్తే, "రా అమ్మాయీ, సింహాల్ని నేను చూపిస్తాను" అన్నారు.

మావారికి అక్కడ పరిశోధన ఉద్యోగం. అల్హంబ్రా కొండ కిందున్న రెయలేహో అనే పాత పేటలో మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాం. కింద మామ్మగారు ఒక్కరే ఉండేవారు. అప్పటికే ఆవిడకి ఎనభై దాటాయి. ఎదురుగా 'సెన్యోరా' అని పిలిచినా, మనసులో నాకు ఎప్పుడూ మామ్మగారే, కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను. పొద్దున్నే మావారు వెళ్ళిపోతే సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి లేరు. స్పానిష్ క్లాసులో నేర్చుకున్న నాలుగు ముక్కలూ ఆవిడ దగ్గరే ప్రయోగించేదాన్ని. ఆవిడ నెమ్మదిగా, మాట మాటా విడదీసి జవాబు చెప్పేవారు.

గ్రనాడాలో చలికాలం గట్టిగానే ఉంటుంది. ఎదురుగా సియెర్రా నెవాడా కొండల మీద మంచు. పాతకాలపు ఇళ్ళల్లో గుండ్రటి బల్ల ఒకటి ఉంటుంది. దాని చుట్టూ నేల దాకా మందపాటి బట్ట వేలాడుతుంది, లోపల కాళ్ళ దగ్గర హీటర్ ఉంటుంది. వెనకటి రోజుల్లో అయితే నిప్పుల కుంపటి పెట్టేవారట. ఆ బట్ట ఒళ్ళోకి లాక్కుని కూర్చుంటే మోకాళ్ళ దాకా వెచ్చగా ఉండేది. మామ్మగారి కార్డులన్నీ నేను చూసింది ఆ బల్ల దగ్గరే, కాఫీ తాగుతూ, పక్క ఊరు సాంతా ఫే నుంచి వచ్చే పియొనోనో అనే చిన్న తీపి కేకులు తింటూ.

ఆ కార్డులెప్పుడూ చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. పొడుగు సుమారు 18 సెంటీమీటర్లు, వెడల్పు 9 సెంటీమీటర్లు ఉన్న గట్టి అట్ట. దాని మీద పక్కపక్కనే రెండు ఫోటోలు. చూడగానే ఒకే ఫోటో రెండుసార్లు అతికించారనిపిస్తుంది. నిజానికి రెండూ వేరు. మన కళ్ళ మధ్య ఆరున్నర సెంటీమీటర్ల దూరం ఉంటుంది కాబట్టి కుడికన్ను చూసేది, ఎడమకన్ను చూసేది కొద్దిగా తేడాగా ఉంటాయి. ఆ రెండిటినీ కలిపి, ఏది దగ్గర, ఏది దూరం అని మెదడు లెక్క కట్టుకుంటుంది. ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ ఈ సంగతి 1838లో వివరించి, అద్దాలతో ఒక పరికరం చేసి చూపించాడు. అప్పటికి ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించనేలేదు, గీసిన బొమ్మలతోనే చూపించాడు. తర్వాత డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో చిన్న పెట్టెలాంటిది తయారుచేశాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో విక్టోరియా రాణి దాన్ని చూసి ముచ్చటపడింది. అంతే, ఆ మోజు యూరప్ అంతా పాకింది.

మామ్మగారి దగ్గర ఉన్నది చేత్తో పట్టుకునే రకం. అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టరు 1861లో రూపొందించిన నమూనా అది. కింద పిడి, కళ్ళకు ఆనించుకునే తొడుగు, రెండు కటకాలు, ముందుకీ వెనక్కీ జరిగే అడ్డపుల్ల. ఆ పుల్లకి కార్డు తగిలించి, బొమ్మ స్పష్టంగా వచ్చేదాకా జరుపుకోవడమే. హోమ్స్ కావాలనే దానికి పేటెంట్ తీసుకోలేదు. అందుకే ఎవరికి కావాలంటే వాళ్ళు తయారుచేసి చవగ్గా అమ్మారు, మామూలు ఇళ్ళల్లోకీ వచ్చేసింది. నాకు ఆయన మీద ఆ ఒక్క పనికే గౌరవం.

మా చిన్నప్పుడు వ్యూమాస్టర్ ఉండేది గుర్తుందా? గుండ్రటి అట్టబిళ్ళ పెట్టి, పక్కనున్న మీట నొక్కితే ఒక్కో దృశ్యం మారుతూ వచ్చేది. బిళ్ళకి ఏడు దృశ్యాలు. అదీ ఇదీ ఒకే సూత్రం. కాబట్టి ఏం కనిపిస్తుందో నాకు తెలుసు అనుకుంటూనే కార్డు ముందు కళ్ళు పెట్టాను.

ముందు రెండు మసక బొమ్మలు అటూ ఇటూ కదిలాయి. మామ్మగారు చెయ్యి చాచి అడ్డపుల్ల కాస్త జరిపారు. రెండూ ఒకటై, గోడ వెనక్కి జరిగిపోయింది. నా ఎడమ చెంప పక్కనే సన్నటి పాలరాతి స్తంభం. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీకి అవతల పన్నెండు సింహాలు వీపుల మీద తొట్టె మోస్తూ నిలబడ్డాయి. నీడలో ఒక మనిషి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అతని చెప్పు ఒకటి ఊడి పక్కన పడుంది. అదే ఫోటోని తర్వాత మామూలుగా, కటకాల్లేకుండా చూస్తే ఆ చెప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కటకాల్లోంచి చూసినప్పుడు మాత్రం వంగి తీసి అతనికి ఇవ్వచ్చు అన్నంత దగ్గరగా ఉంది.

"ఆ వెనక మండపం మీద ఏముంది?" అని అడిగారు మామ్మగారు. మండపం మీద పొలుసులు పేర్చినట్టు పెంకులతో ఒక గుండ్రటి గోపురం ఉంది. "ఇప్పుడు అది లేదు" అన్నారు ఆవిడ.

ఆ గోపురం కథ ఆవిడ దగ్గర విన్నాక నాకు ఈ కార్డులు వట్టి బొమ్మలుగా కనపడటం మానేశాయి. సింహాల ప్రాంగణం 14వ శతాబ్దంలో, అప్పట్లో గ్రనాడాని ఏలిన నస్రీద్ సుల్తానులు కట్టించింది. ఎన్నో ఏళ్ళు పాడుబడి, 19వ శతాబ్దంలో మళ్ళీ బాగుచెయ్యడం మొదలైనప్పుడు, ఆ పని చూసిన రఫాయెల్ కొంత్రేరస్ వాళ్ళు తూర్పు వైపు మండపానికి 1859లో ఆ గోపురం పెట్టారు. అసలు కట్టడంలో అలాంటిది లేదు. తూర్పుదేశాల భవనం అంటే గోపురం ఉండాలి అన్న ఆ కాలపు ఊహ అది. యాత్రికులకి బాగా నచ్చింది. 75 ఏళ్ళ పాటు ప్రపంచం చూసిన అల్హంబ్రా ఫోటోల్లో అదే ఉంది. 1923లో అల్హంబ్రా బాధ్యత తీసుకున్న ఆర్కిటెక్టు లెయొపోల్దో తోర్రెస్ బల్బాస్ దాన్ని 1934లో తీయించేసి, మామూలు వాలు పెంకుల కప్పు వేయించారు. ఊళ్ళో పెద్ద గొడవ అయింది. మామ్మగారు అప్పటికి చిన్నపిల్ల. వాళ్ళ నాన్నగారు అన్నం దగ్గర కూడా ఆ గోపురం గురించే వాదించేవారట. ఆయన గోపురం వైపు. మామ్మగారు మాత్రం పెద్దయ్యాక తోర్రెస్ బల్బాస్ వైపు వచ్చేశారు. "మా నాన్నకి చెప్పలేదు లే" అన్నారు. నాకూ ఆవిడ పక్షమే సబబు అనిపించింది. కానీ స్టీరియోస్కోప్‌లో ఆ గోపురం కనిపించినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. ఎందుకంటే అది ఉందంటే ఆ ఫోటో 1859కీ 1934కీ మధ్య తీసిందన్నమాట.

అలా కాలం పట్టుకోవడం ఆవిడే నేర్పారు. అట్ట మూలలు నలుచదరంగా, పల్చగా ఉంటే పాతది, దాదాపు 1868కి ముందుది. మూలలు గుండ్రంగా కత్తిరించి ఉంటే ఆ తర్వాతది. అట్ట కొంచెం వంగి ఉంటే 1880 దాటింది. ఆ వంపు పాడైపోయి వచ్చింది కాదు, లోతు ఇంకా బాగా తెలియాలని కంపెనీలు అలా చేసేవి. అట్ట వెనక ఆరు భాషల్లో పేరు అచ్చేసి ఉంటే అది అమెరికాలోని అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ కంపెనీది. 1880ల్లో కాన్సస్ రాష్ట్రంలో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన కంపెనీ అది. కాలేజీ కుర్రాళ్ళు సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి వాళ్ళ కార్డులు అమ్మి ఫీజులు కట్టుకునేవారు. ఒక దేశం కార్డులన్నీ కలిపి పుస్తకంలా కనిపించే పెట్టెలో పెట్టి ఇచ్చేవారు. వాటితో పాటు మ్యాపు. ఫోటోగ్రాఫరు ఏ చోట నిలబడ్డాడో, ఎంత మేర కనిపిస్తుందో ఎర్ర గీతలతో అందులో గుర్తు పెట్టేవారు. కాన్సస్‌లో గడప దాటని రైతు గ్రనాడాలో ఏ సందులో ఎటు తిరగాలో చెప్పగలిగేవాడు. తర్వాత ఆ నెగెటివ్‌లన్నీ పెన్సిల్వేనియాలోని కీస్టోన్ కంపెనీ కొనేసింది. అందుకే ఒకే ఫోటో రెండు కంపెనీల పేర్లతోనూ దొరుకుతుంది.

మామ్మగారి కార్డుల పెట్టెలో స్పెయిన్‌లోనే అచ్చయినవి కూడా ఉన్నాయి. బార్సిలోనాలో అల్బెర్తో మార్తిన్ అనే ప్రచురణకర్త 'ఎల్ తురిస్మో ప్రాక్తికో' పేరుతో ఊరికో సెట్టు, సెట్టుకి 15 బొమ్మలు వేశారు. అవి మామ్మగారి నాన్నగారు కొన్నవి. అచ్చు పని కాబట్టి దగ్గరగా చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటాయి. పాత ఫోటో కాగితంలో ఉన్న ఆ తడి, ఆ గోధుమరంగు నిగారింపు వీటిలో లేవు. పాతవి గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసినవి మరి.

ముందుగదిలో ఆ శీతాకాలమంతా ఎక్కువసేపు చూసినవి రెండో మూడో కార్డులు. వాటిలో ఒకటి, అల్హంబ్రాలోని 'ఇద్దరు అక్కచెల్లెళ్ళ గది' పైకప్పు. పేరు అదే, నేలలో పక్కపక్కనే పరచిన రెండు పెద్ద పాలరాతి పలకల వల్ల వచ్చిందంటారు. ఆ కప్పులో సున్నపు గచ్చుతో చేసిన చిన్న చిన్న గూళ్ళు ఒకదాని కింద ఒకటి ఐదువేలకు పైగా వేలాడుతుంటాయి. మామూలు ఫోటోలో అది చిక్కటి అల్లికలా కనిపించి ఊరుకుంటుంది. స్టీరియోస్కోప్ ఎత్తి చూస్తే తేనెపట్టు లోపలికి తల పెట్టినట్టు ఉంటుంది. ఒక్కో గూడూ ఒక్కో లోతులో ఉంది. ఇంకా పైకి, ఇంకా పైకి అని చూపు వెళ్తూనే ఉంటుంది. అసలు గదిలో నిలబడి చూసినప్పుడు వెనకవాళ్ళు తోస్తుంటే, మెడ నొప్పెడుతుంటే నాకు ఇంత లోతు దక్కలేదు. నా మటుకు నాకు, స్టీరియో ఫోటోగ్రఫీ కోసమే పుట్టిన కట్టడం ఏదైనా ఉంటే అది ఆ పైకప్పే.

ఇంకొకటి మిర్టల్ చెట్ల ప్రాంగణం. మధ్యలో పొడవాటి కోనేరు, చివర 45 మీటర్ల కొమారెస్ బురుజు, నీళ్ళలో దాని నీడ. ఆ నీడ కూడా లోతుగానే కనిపిస్తుంది! నీటి మీద పరుచుకున్న బొమ్మలా కాదు, నీటికి అడుగున అంత ఎత్తున ఇంకో బురుజు తలకిందులుగా దిగినట్టే. మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్ళు జలదరించాయి. మామ్మగారు నా మొహం చూసి చప్పట్లు కొట్టి నవ్వారు. చిన్నప్పుడు ఆ కార్డు చూపిస్తే వాళ్ళ తమ్ముడు భయపడి ఏడ్చేవాడట.

గ్రనాడాలోనే సాక్రోమోంతె అనే కొండ గుహల్లో ఉండే జిప్సీల కార్డులు కూడా చాలా ఉన్నాయి. వాటిని చూడటం నాకు కష్టంగా ఉండేది. నాట్యం చేస్తున్నట్టు నిలబెట్టి తీసినవి. వెనక రాసిన మాటల్లో ఆ మనుషుల మీద చులకన. ఒక్క కార్డు మాత్రం పదేపదే తీసి చూసేదాన్ని. అల్హంబ్రా ఆవరణలో పొడవాటి మొనదేలిన టోపీ, పొట్టి కోటు, చేతిలో కర్రతో నిలబడ్డ ముసలాయన. "చొర్రొహూమో" అన్నారు మామ్మగారు, మన ఊళ్ళో పెద్దమనిషి పేరు చెప్పినట్టు. అసలు పేరు మరియానో ఫెర్నాందెస్. 1824లో పుట్టిన కమ్మరి. చిత్రకారుడు ఫొర్తూనీ ఆయన్ని కూర్చోబెట్టి బొమ్మ గీశాక, కొలిమి వదిలేసి ఆ వేషంలోనే రోజూ అల్హంబ్రా దగ్గరకి వచ్చి, జిప్సీల రాజునని చెప్పుకుంటూ, యాత్రికులకి కథలు చెప్పి, తన ఫోటోలు తానే అమ్ముకునేవాడు. 1906లో చనిపోయేదాకా అదే బతుకు. మిగతా కార్డుల్లో మనుషుల్ని ఎవరో నిలబెట్టారు. ఈయన మాత్రం తానే వచ్చి నిలబడ్డాడు. చూపు సూటిగా మన కళ్ళల్లోకి. సాక్రోమోంతె దారి మొదట్లో ఇప్పుడు ఆయన కంచు విగ్రహం ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా మావారు వద్దంటున్నా ఆగి పలకరించి వచ్చేదాన్ని.

ఇక అసలు కార్డు.

దాన్ని మామ్మగారు పెట్టె అడుగున, పల్చటి కాగితంలో చుట్టి దాచారు. నలుచదరపు మూలలు, పసుపు అట్ట, అంచు ఒక చోట చిరిగింది. తోర్రె దె లా వేలా అనే బురుజు మీద నుంచి కింద ఊరంతా కనిపించేలా తీసిన ఫోటో. కటకాల్లేకుండా చూస్తే ఏముంది, కప్పులు, కప్పులు, మధ్యలో కెథెడ్రల్. అన్నీ కలిసి ఒకే ముద్ద. దూరంగా ఉన్నవాటికి మామూలుగా లోతు తెలియదు. వందల మీటర్ల అవతల ఉన్నదాన్ని రెండు కళ్ళూ దాదాపు ఒకేలా చూస్తాయి. ఆ ఫోటోగ్రాఫరుకి అది తెలుసు. అందుకే ఒక ఫోటో తీసి, కెమెరాని బురుజు మీద కొన్ని అడుగులు పక్కకి మోసుకెళ్ళి రెండోది తీశాడు. ఆ రెండిటి మధ్యలో ఒక ఇంటి పొగగొట్టంలోంచి పొగ వచ్చింది. ఎడమ బొమ్మలో పొగ ఉంది, కుడి బొమ్మలో లేదు. కటకాల్లోంచి చూస్తే ఆ పొగ ఒక్కటే ఉండీ లేనట్టు మిణుకుమిణుకుమంటుంది. మిగతా ఊరంతా బల్ల మీద పేర్చిన నమూనాలా కప్పు కప్పూ విడిపోయి, సందు సందూ తెరుచుకుని కనిపిస్తుంది.

"కెథెడ్రల్ వెనక భాగం పట్టుకో. అక్కడి నుంచి కుడి వైపు. పెద్ద కప్పు దాటాక పొడుగ్గా ఒక సందు ఉందా? దాని తర్వాత మూడో కప్పు. పెరట్లో చెట్టు ఉంటుంది చూడు." నేను చూశాను. చెట్టు ఉంది. "అది మా అమ్మమ్మ పుట్టిన ఇల్లు" అన్నారు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ సందూ లేదు. 1882లో గ్రనాడా దగ్గర బీటు దుంపల నుంచి చక్కెర తీసే ఫ్యాక్టరీ మొదలైంది. చుట్టూ ఉన్న మైదానం అంతా బీటు పంట. ఆ డబ్బుతో, ఊరికి పారిస్ లాంటి తిన్నటి వీధి కావాలని, 1895లో గ్రాన్ వియా పని మొదలుపెట్టారు. పాత ముస్లిం కాలపు ఊరు నడిబొడ్డున ఇళ్ళు, సందులు, పాత భవంతులు వరసగా కూల్చుకుంటూ పోయారు. దాన్ని జనం చక్కెర వీధి అనేవారు. అంతకుముందే దార్రో నది మీద కప్పు వేసి రోడ్డు చేసేశారు. నది ఇప్పటికీ ఆ రోడ్డు కిందే పారుతోంది. మామ్మగారి అమ్మమ్మ వాళ్ళు పడగొట్టకముందే సామాను బండికెక్కించి రెయలేహోకి వచ్చేశారు. అప్పటికి ఆవిడ పాతికేళ్ళ మనిషి. కొన్నేళ్ళ తర్వాత ఎవరి దగ్గరో ఈ కార్డు చూసి, తన ఇల్లు గుర్తుపట్టి, వాళ్ళ ఆయన చేత కొనిపించారు. ఆ ఇంట్లో స్టీరియోస్కోప్ అడుగుపెట్టిందే ఆ ఒక్క కార్డు కోసం. మిగతా పెట్టె అంతా ఆ తర్వాత చేరింది.

చిన్నప్పుడు మామ్మగారికి వాళ్ళ అమ్మమ్మ ఆ కార్డు చూపించి కప్పులు లెక్కపెట్టడం నేర్పారు. ఆ లెక్కే నాకు చెప్పారు.

నేను గ్రాన్ వియా మీద రోజూ నడిచేదాన్ని. బ్యాంకు పని అక్కడే, బస్సు అక్కడే. అందమైన వీధి, కాదనను. ఆ రోజు తర్వాత కెథెడ్రల్ వెనక అటు వెళ్తున్నప్పుడు, ఇక్కడే కదా ఆ చెట్టు అనుకోకుండా ఎప్పుడూ దాటలేదు.

2012 జూలైలో సింహాల ప్రాంగణం పని పూర్తయింది. ఇసక నేల బదులు మకాయెల్ ఊరి తెల్ల పాలరాయి పరిచారు. సింహాల మీద శతాబ్దాల సున్నపు పొర తీసేసి శుభ్రం చేశారు. పాత కార్డుల్లో పెద్ద తొట్టె మీద ఇంకో చిన్న తొట్టె కనిపిస్తుంది, తర్వాతి కాలంలో దాన్ని అక్కడి నుంచి తీసి ఆదార్వెస్ తోటలో పెట్టారు. ఇప్పుడు ఒక్కటే తొట్టె, నోళ్ళలోంచి నీళ్ళు వదులుతూ పన్నెండు సింహాలు. మేం వెళ్ళి చూశాం. మామ్మగారు అంత ఎత్తు ఎక్కలేరు. ఫోన్‌లో ఫోటోలు తీసుకొచ్చి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చూశారు. "బాగుంది. కానీ ఏది దగ్గర, ఏది దూరం?" అన్నారు.

మర్నాడే మళ్ళీ టికెట్ తీసుకుని వెళ్ళాను. స్తంభాల వరస ఎడమ పక్కన వచ్చేలా, ఆ పాత కార్డులో ఫోటోగ్రాఫరు నిలబడ్డ చోటే నిలబడ్డాను. బరువు ఎడమ కాలి మీద వేసి ఒకటి, ఒళ్ళు కదపకుండా కుడి కాలి మీదకి మార్చి ఒకటి. అంత చాలు, రెండు కళ్ళ దూరం వచ్చేస్తుంది. మనుషులు అడ్డం వస్తూనే ఉన్నారు, అలా తీస్తూనే ఉన్నాను. కింద ఊళ్ళో ఫోటోల షాపులో రెండిటినీ పక్కపక్కన ప్రింటు తీయించి, పాత కార్డు కొలత పెట్టి కత్తిరించి, గట్టి అట్టకి అతికించాను.

మామ్మగారు దాన్ని అడ్డపుల్లకి తగిలించి, కళ్ళు ఆనించి, జరిపారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేల ఎంత తెల్లగా ఉంది!" అన్నారు. ఆ వెంటనే, "గోపురం లేకపోతేనే బాగుంది. మా నాన్నకి ఇప్పుడు చెప్పాలి" అన్నారు. కార్డు వెనక నా చేత తేదీ రాయించి, పెట్టెలో పాత కార్డు పక్కనే పెట్టారు.

ఆ తర్వాత మేం హైదరాబాదు వచ్చేశాం. బేగంపేటలో స్పానిష్ మసీదు ఉంది కదా, స్పెయిన్ చూసి వచ్చిన పాయిగా వంశపు నవాబు మొదలుపెట్టించింది, 1906లో పూర్తయింది. చిన్నప్పటి నుంచి బస్సులో ఆ దారిన వెళ్తూ పట్టించుకోనేలేదు. తిరిగొచ్చాక ఒక రోజు పనిగట్టుకుని లోపలికి వెళ్ళి, అలవాటు కొద్దీ కాలు మార్చి రెండు ఫోటోలు తీశాను. వాటినీ గ్రనాడాకి పంపాను.

మామ్మగారు పోయి కొన్నేళ్ళయింది. పెట్టె ఇప్పుడు వాళ్ళ మనవరాలి దగ్గర ఉంది. నాకు ఇక్కడ అంత పని లేకపోతే రాత్రిళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ స్కాన్ చేసి పెట్టిన కార్డుల్లో గ్రనాడా వెతుక్కుంటాను. కటకాలు అక్కర్లేదు, కొంచెం సాధన ఉంటే చాలు. బొమ్మని చిన్నది చేసి, గోడ అవతల ఎక్కడో ఉన్నదాన్ని చూస్తున్నట్టు కళ్ళు వదులు చేస్తే రెండు బొమ్మలూ మూడవుతాయి. మధ్యది లోతుగా ఉంటుంది. మొదట్లో కళ్ళు లాగుతాయి, నీళ్ళు కారతాయి, కాబట్టి ఎక్కువసేపు చూడకండి. ఓపిక ఉంటే మీరూ ప్రయత్నించండి, ఖర్చేమీ లేదు.

ఒక రాత్రి అలా వెతుకుతుంటే అదే తోర్రె దె లా వేలా మీద నుంచి తీసిన కార్డు ఇంకొకటి దొరికింది. అట్ట వంగినది. అంటే 1880 తర్వాతది. గ్రాన్ వియా అప్పటికి ఇంకా పడలేదు. నా కళ్ళకి అలవాటైన సందే, అవే కప్పులు, ఇంకా స్పష్టంగా. చెట్టు పెద్దదైంది. డాబా మీద తీగకి బట్టలు ఆరేసి ఉన్నాయి. అప్పటికి మామ్మగారి అమ్మమ్మ ఆ ఇంట్లోనే ఉండి ఉండాలి. దాన్ని డౌన్‌లోడ్ చేసి, కార్డు సైజుకి ప్రింటు తీయించి, ఆ ఇంటి కప్పు మీద బాణం గుర్తు వేసిన ఇంకో కాగితంతో సహా మనవరాలికి పోస్టు చేశాను.

జవాబు వచ్చింది. వాళ్ళ అమ్మగారు చూశారట. బాణం గుర్తు సరైన చోట లేదనీ, తమకి నేర్పిన లెక్క ప్రకారం ఇల్లు నాలుగో కప్పు అనీ, చెట్టు పక్కింటివాళ్ళదనీ గట్టిగా చెప్తున్నారట. మామ్మగారు నాకు మూడు అనే చెప్పారు, నాకు బాగా గుర్తు. ఆ మాటే రాసి, పాత కార్డు కూడా పెట్టెలోంచి తీసి ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టమని చెప్పాను.